'బాగా తినమ్మా' అనేది మందు చీటీ కాదు

(మా ఒళ్ళు, మా లెక్కలు - 6వ భాగం)

పోయిన వారం పోస్టు కింద ఒక అన్న కామెంట్ పెట్టాడు. "వర్గీకరణ మీద రాయండి, రిజర్వేషన్ల మీద రాయండి మేడం. హిమోగ్లోబిన్ గురించి మనకెందుకు? అది లేడీ డాక్టర్ చూసుకుంటది" అని. దానికి నలభై రెండు లైకులు. లైకు కొట్టినవాళ్లలో నా దగ్గర డిగ్రీ చదివిన పిల్లలు ఇద్దరున్నారు. అందుకే ఈ భాగం ఆ అన్నకూ, ఆ నలభై రెండు మందికీ.

అన్నా, ముందు లెక్క చెప్తాను. 2019-21లో చేసిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఈ దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మగవాళ్లలో 25 శాతం. తెలంగాణ ఆడవాళ్లలో 57.6, ఆంధ్రప్రదేశ్‌లో 58.8. దేశం మొత్తంగా చూస్తే దళిత స్త్రీలలో దాదాపు 59 శాతం, ఆదివాసీ స్త్రీలలో దాదాపు 65 శాతం. అంతకు ముందు సర్వే 2015-16లో జరిగింది. అప్పుడు దేశ సగటు 53. అంటే మధ్యలో ఇన్ని పథకాలు, ఇన్ని పోస్టర్లు, ఇన్ని రంగుల మాత్రలు వచ్చాక రోగం పెరిగింది. నువ్వు ధర్నాకు పిలిచే ప్రతి పదిమంది ఆడవాళ్లలో ఐదారుగురు ఒంట్లో సరిపడా నెత్తురు లేకుండానే వచ్చి ఎండలో నిలబడుతున్నారు. ఇది రాజకీయం కాకపోతే మరేది రాజకీయమో నాకు చెప్పు.

"సవర్ణ స్త్రీలలో కూడా సగం పైనే ఉంది కదా, దీనికీ కులానికీ ఏం సంబంధం?" అనేవాళ్లు ఉన్నారు. ఉంది, నిజమే. అందరూ తిన్నాక మిగిలింది తినమని నేర్పిన ధర్మం ఏ కులం ఆడదాన్నీ వదల్లేదు. మనువు గుడిలోనే కాదు, వంటింట్లోనూ కూర్చున్నాడు. అయితే రక్తం తక్కువని తేలిన తర్వాత ఎవరికి ఏం జరుగుతుందో చూడండి. డబ్బూ పలుకుబడీ ఉన్నామెకు ఎందుకు తగ్గిందో వెతుకుతారు. పరీక్షలు రాస్తారు, స్పెషలిస్టుకు చూపిస్తారు. మా వాడ నుంచి వెళ్లినామెకు మొహం చూడకుండానే 'బాగా తినమ్మా' అని చెప్పి పంపుతారు. నా కొట్లాట ఆ మాటతోనే.

మంచి మాటే కదా, ప్రేమతో చెప్పిందే కదా అనిపిస్తుంది. కానీ అందులో ఒక తీర్పు ఉంది. నీకు తినడం తెలియదు, నీ రోగానికి కారణం నువ్వే అని ఆ తీర్పు. ఇంకో డాక్టరు కొంచెం దయగలవాడైతే జాబితా కూడా చెప్తాడు. దానిమ్మ తిను, ఖర్జూరం తిను, బీట్‌రూట్ జ్యూస్ తాగు. లెక్క చేసి చూద్దాం. భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫారసుల ప్రకారం ఆడమనిషికి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. వంద గ్రాముల దానిమ్మ గింజల్లో ఉండేది మిల్లీగ్రాములో మూడో వంతు. ఆ 29 దానిమ్మతోనే రావాలంటే రోజుకు పది కిలోల దాకా గింజలు తినాలి. దానిమ్మ ఎర్రగా ఉంటుంది, బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది, రక్తం ఎర్రగా ఉంటుంది. రంగు చూసి చేసే ఈ వైద్యాన్ని ఎంబీబీఎస్ చదివినవాళ్లు కూడా చేస్తుంటే మా నాయనమ్మ దిష్టి తీసిందని నవ్వడం దేనికి?

రోజంతా కూలికి పోయే మనిషి పళ్లెంలో ఏముందో చూద్దాం. రేషన్ బియ్యం. బాగా పాలిష్ పట్టిన బియ్యం వంద గ్రాముల్లో ఒక్క మిల్లీగ్రాము ఇనుము కూడా ఉండదు. అదే వంద గ్రాముల సజ్జల్లో ఆరు మిల్లీగ్రాముల పైన ఉంటుంది. మా తాతల కాలంలో సజ్జ రొట్టె, జొన్న గటక పేదవాళ్ల తిండి. ఇప్పుడవి హైదరాబాద్ సూపర్ మార్కెట్లలో పెద్దవాళ్ల తిండి. మెట్ట పొలాలు పత్తికి పోయాయి, కంచాల్లోకి తెల్లన్నం వచ్చింది. చేను గట్ల మీద ఉచితంగా దొరికే గంగవాయిలి, తుమ్మికూర, పొన్నగంటి కూడా గడ్డిమందు కొట్టుడు మొదలయ్యాక కనబడకుండా పోతున్నాయి. ఇదంతా జరిగాక, తినడం రానిది మాకే అయింది.

నా సంగతి కొంచెం చెప్పాలి. నాకిప్పుడు 36. నాలుగేళ్లు రక్తం తక్కువతోనే పాఠాలు చెప్పాను. రెండో అంతస్తులో క్లాసు ఉంటే మధ్యలో ఆగి, ఫోన్ చూసుకుంటున్నట్టు నటించేదాన్ని. దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా జుట్టు. రాత్రి కాళ్లు ఊరికే ఉండనిచ్చేవి కావు. పచ్చి బియ్యం బుక్కాలనిపించేది. బియ్యం తింటే పెళ్లిలో వాన పడుతుందని మనవాళ్లు నవ్వుతారు చూడండి, మట్టి, సుద్దముక్క, బియ్యం, ఐసు మీదకు నాలుక పోవడం చాలాసార్లు ఇనుము అడుగంటిందని ఒళ్లు చేసే ఫిర్యాదు. పెళ్లయి పన్నెండేళ్లయిన నా మీద ఇంకే వాన పడాలి.

ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరు పేరు అడిగాడు, ఊరు అడిగాడు, ఇంటి పేరు అడిగాడు, "నాన్నగారు ఏం చేసేవారు" అని అడిగాడు. మనకు ఈ ప్రశ్నల వరుస బాగా అలవాటే, అది ఎక్కడికి చేరుతుందో కూడా తెలుసు. చేరింది. "మీరు మాంసం బాగానే తింటారు కదమ్మా, మరి మీకెందుకు తగ్గింది?" అని నవ్వాడు. నెలసరి ఎన్ని రోజులు ఉంటుందని అడగలేదు. ఫెరిటిన్ పరీక్ష చేయిద్దామా సార్ అంటే "అవన్నీ గూగుల్లో చూసి అడక్కండి" అన్నాడు. పీహెచ్‌డీ ఉన్న లెక్చరర్‌తో, ఫీజు కట్టి కూర్చున్న మనిషితో మాట్లాడిన తీరు ఇది. ఇక నాట్లేసి, చీర కుచ్చిళ్లకు బురదతో పీహెచ్‌సీకి వచ్చిన మా చిన్నమ్మతో ఎలా మాట్లాడతారో నేను చెప్పక్కర్లేదు.

ఆ 'మీరు మాంసం తింటారు కదా' దగ్గర కొంచెం ఆగుదాం. మాంసంలో, ముఖ్యంగా కార్జంలో, నెత్తురులో ఉండే ఇనుము మనిషి ఒంటికి తేలిగ్గా పడుతుంది. అందులో 15 నుంచి 35 శాతం దాకా ఒళ్లు తీసుకుంటుంది. ఆకుకూరల్లో, గింజల్లో ఉండేది మరో రకం ఇనుము. అందులో చాలాసార్లు పదో వంతు కూడా పట్టదు. అంటే మా వాడల్లో వండే నల్ల, బోటి, కార్జం, ఎండు తునకలు పోషకాహార శాస్త్రం లెక్కలో ఇనుము గనులు. వాటినే కదా వందల ఏళ్లు ఛీ అన్నది! అద్దె ఇల్లు ఇవ్వడానికి ముందు "మీరు పెద్దకూర వండుతారా" అని అడిగేది దాని గురించే కదా! ఉస్మానియాలో 2012 ఏప్రిల్‌లో పిల్లలు బీఫ్ పండుగ చేసుకుంటే రాళ్లు పడ్డది దాని మీదే కదా! మా కంచంలోంచి ఆ ఇనుమును సిగ్గుతో, చట్టంతో, దాడితో తీసేసి, తర్వాత మాత్ర చేతిలో పెట్టి 'బాగా తినమ్మా' అంటున్నారు.

ఇంకో మాట. మేం మాంసం తినే కులమే. కానీ ఎన్నిసార్లు తింటాం? మటన్ కిలో వెయ్యి రూపాయల దగ్గరుంది. పెద్దకూర అందులో సగం ధర కూడా ఉండదు కానీ, అమ్మే దుకాణం ఎక్కడుందో, తెచ్చుకునే దారిలో ఎవరు ఆపుతారో చూసుకోవాలి. ఆదివారం అరకిలో వండితే మగవాళ్లకు ముక్కలు, పిల్లలకు మూలుగ, వండిన అమ్మకు గిన్నె అడుగున పులుసు. ఈ పంపకం మనువు ఇంట్లోనే కాదు అన్నా, మన ఇంట్లో కూడా జరుగుతోంది. దానికి కూడా లైకు కొట్టు.

దీని మీద మనలో మనకే ఒక వాదన ఉంది. అంబేద్కరే మాంసం మానేయమన్నారు కదా అని కొందరు అంటారు. 1927 మహాడ్ సభలో ఆయన మానేయమన్నది చచ్చిన పశువు మాంసం. ఊరి గొడ్డు చస్తే ఈడ్చుకుపోయి తినాలనే వెట్టిని మానేయమన్నారు. దాన్ని తెచ్చి గుడ్డుకూ కూరకూ అంటగట్టి హాస్టల్ పిల్లల పళ్లెంలో సాత్వికం వడ్డించడం బాబాసాహెబ్ పేరు మీద చేసే మోసం. 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ అంగన్‌వాడీల్లో గుడ్డు పెట్టడానికి ఒప్పుకోలేదు. 2021 చివర్లో కర్ణాటకలో బడి పిల్లలకు గుడ్డు పెడితే మఠాధిపతులు రోడ్డెక్కారు. నిజం చెప్పాలంటే గుడ్డులో ఇనుము కొంచెమే, అది కూడా సరిగ్గా పట్టదు. గుడ్డు అడిగేది మాంసకృత్తుల కోసం, బి12 కోసం. రక్తం తయారవడానికి అవీ కావాలి. గుడ్డు పెడితే ఇనుము సమస్య తీరిపోయిందని చెప్పే అధికారులను కూడా నమ్మకండి.

ఇప్పుడు తిండి పక్కన పెట్టి కాళ్ల దగ్గరకు వద్దాం. ఇనుము లోపలికి వెళ్లకపోవడం సగం కథ, లోపలున్నది బయటికి కారిపోవడం మిగతా సగం. కొంకి పురుగు అని ఒకటుంది. మలంతో కలిసిన తడి మట్టిలో దాని పిల్లలు బతుకుతాయి, ఉత్త కాళ్లతో నడిచినవాళ్ల చర్మం గుండా లోపలికి పోతాయి, పేగుల్లో చేరి నెత్తురు తాగుతాయి. చెప్పులు కుట్టిన కులాన్ని దొర వాడలో చెప్పులు విప్పి చేతపట్టుకుని నడవమన్న ఊళ్లు ఇవి. ఆ ఆచారాన్ని మనం అవమానం అని రాశాం, కవిత్వం రాశాం. అది నెత్తురు తీసే ఆచారం కూడా. ఇప్పుడు కూడా వరి నాట్లలో మోకాళ్ల దాకా బురదలో ఉత్త కాళ్లతో రోజంతా వంగి ఉండేది ఎవరు? ఊరి మురుగు కాలువ వచ్చి ఆగేది ఏ వాడ పక్కన? ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో ఆల్బెండజోల్ మాత్ర వేస్తారు, మంచిదే. ఆ మాత్ర మింగిన పిల్ల సాయంత్రానికి అదే మట్టిలో నడుస్తుంది.

ఒళ్లు నొప్పుల మాత్రలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. కూలి పనికి పోయేవాళ్లు ఆర్ఎంపీ దగ్గర నొప్పి మాత్ర వేసుకోకుండా రెండో రోజు పనిలోకి పోలేరు. ఏళ్ల తరబడి ఖాళీ కడుపుతో అవి మింగితే జీర్ణాశయంలో పుండు పడి లోపల్లోపల నెత్తురు కారుతుంది. మగవాళ్లకు రక్తం తగ్గితే ముందు అక్కడ వెతకాలి. ఇక నీరసంగా ఉందని వెళ్తే ఆర్ఎంపీ బలానికని గ్లూకోజు సీసా ఎక్కిస్తాడు. అందులో ఉండేది నీళ్లు, చక్కెర, ఉప్పు. ఇనుము ఒక్క రవ్వ ఉండదు. ఆ సీసాకు పోసిన డబ్బుతో సగం పరీక్షలు అయిపోయేవి.

మరి మాత్రల కథ. మన దేశంలో ఐరన్ మాత్రల పథకం 1970లో మొదలైంది. 2018లో అనీమియా ముక్త్ భారత్ అని కొత్త పేరు పెట్టారు. బడి పిల్లలకు వారానికొక నీలం మాత్ర, గర్భిణులకు 180 రోజుల పాటు రోజుకొక ఎర్ర మాత్ర. ఈ మాత్రల మీద నాకు గొడవ లేదు. చవక మందు, పనిచేసే మందు. ఖరీదైన పేర్లతో ప్రైవేటు దుకాణాల్లో అమ్మే చాలా పట్టీల కంటే ఆ ఉచిత మాత్రే చాలామందికి సరిపోతుంది. నా గొడవ అది ఇచ్చే తీరు మీద. వారానికొక మాత్ర రక్తం తగ్గకుండా చూసే మాత్ర. ఇప్పటికే తగ్గిపోయిన అమ్మాయికి అది చికిత్స కాదు. ఆమెకు నెలల తరబడి వేరే మోతాదు కావాలి, మధ్యలో పరీక్ష కావాలి. మన బడుల్లో రెండింటినీ ఒకటే చేసి, మాత్ర ఇచ్చాం అని రిజిస్టర్ నింపుతారు.

"మీ పిల్లలు మాత్రలు పారేస్తారు మేడం" అని నాతో ఒక హాస్టల్ వార్డెన్ అన్నది. పారేస్తారు, నేనూ చూశాను. ఎందుకు పారేస్తారో మా అమ్మాయిలు నాకు చెప్పారు. ఖాళీ కడుపున వేసుకుంటే వాంతి వస్తుంది. మలం నల్లగా వస్తుంది, అది మామూలేనని ఎవరూ చెప్పకపోతే భయం వేస్తుంది. మలబద్ధకం వస్తుంది. ఇప్పుడు మీరు ఊహించుకోండి, పొద్దున ఏడింటికల్లా తెమలాల్సిన హాస్టల్, తలుపు గడియ ఊడిన రెండు మరుగుదొడ్లు, బయట బకెట్లు పట్టుకుని లైను. లోపల పది నిమిషాలు కూర్చుంటే తలుపు బాదుతారు. ఆ అమ్మాయి మాత్ర వేసుకుంటుందా? మరుగుదొడ్డి కట్టకుండా మాత్ర ఇచ్చి, వేసుకోలేదని తిట్టడం మన సంక్షేమ శాఖల పద్ధతి. చాయ్ సంగతి కూడా అంతే. అన్నంతో పాటు చాయ్ తాగితే ఇనుము పట్టదు, గంట ఎడం ఉండాలి. నిజమే. కానీ మా ఆడవాళ్లు చాయ్ తాగేది రుచికి కాదు, పదకొండు గంటల ఆకలి చంపడానికి. 2024 చివర్లో తెలంగాణ ప్రభుత్వం డైట్ ఛార్జీలు 40 శాతం పెంచింది. ఇంటర్ నుంచి పీజీ దాకా నెలకు 1500 ఉన్నది 2100 అయింది. పెంచడం మంచిదే. రోజుకు 70 రూపాయల్లో మూడు పూటలు, అందులో ఇనుము ఎక్కడుందో వెతకండి.

మందు సరిగ్గా వాడే పద్ధతులు కూడా మారాయి. 2017లో స్విట్జర్లాండ్ పరిశోధకులు ఇనుము నిల్వలు తగ్గిన ఆడవాళ్ల మీద చేసిన పరిశీలన లాన్సెట్ హెమటాలజీలో వచ్చింది. మాత్ర వేసుకున్న తర్వాత ఒంట్లో హెప్సిడిన్ అనేది పెరిగి, తర్వాతి మోతాదును సరిగ్గా పట్టనివ్వదు. రోజు విడిచి రోజు వేసుకుంటే ఇనుము ఎక్కువ పట్టింది. కడుపులో బాధ ఉన్నవాళ్లకు ఈ పద్ధతి కుదురుతుందేమో డాక్టరును అడగొచ్చు. అడిగితే కదా చెప్పేది? మన పిల్లలు తిట్లు తిని, మందు మానేసి, మళ్లీ అటు పోరు.

ఎంత మంది దళిత అమ్మాయిలకు రక్తహీనత వెనక ఏముందో ఎవరూ చూడరు. హిమోగ్లోబిన్ ఒక్కటి చూసి ఐరన్ మాత్ర రాస్తారు. ఆ అంకె బాగానే ఉన్నా ఇనుము నిల్వలు ఖాళీ అయి ఉండొచ్చు. దాన్ని చూపేది ఫెరిటిన్. పెద్దవాళ్లలో 15 కంటే తగ్గితే లోపమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, చాలామంది డాక్టర్లు 30 లోపే జాగ్రత్త పడతారు. జ్వరం, వాపు ఉన్నప్పుడు ఆ అంకె దొంగగా పెరిగి కనబడుతుంది, అది కూడా చూసుకోవాలి. అందరికీ కారణం ఇనుమే కాదు కూడా. బి12 తగ్గొచ్చు. తలసీమియా లక్షణం ఉన్నవాళ్లకు సీబీసీలో ఎర్ర కణాలు చిన్నగా కనబడతాయి. ఇనుము తక్కువేమో చూడకుండా వాళ్లకు ఏళ్ల తరబడి ఐరన్ ఇస్తే లాభం లేకపోగా నష్టం. మన ఆదివాసీ ప్రాంతాల్లో సికిల్ సెల్ ఉంది. అందుకే 2021 ఆగస్టు 15న ఎర్రకోట నుంచి ప్రకటించి రేషన్‌లో, మధ్యాహ్న భోజనంలో అందరికీ ఒకేలా ఇనుము కలిపిన బియ్యం పెట్టడం మీద ప్రశ్నలు వచ్చాయి. ఎవరికి ఏ రక్తహీనతో తేల్చకుండా అందరి పళ్లెంలో ఒకటే మందు కలిపారు. డబ్బున్నవాళ్లకు పరీక్ష, రేషన్ కార్డువాళ్లకు బియ్యంలో కలిపిన మందు. ఎంపిక చేసుకునే హక్కు ఒక్క వైపే ఉంది.

ఇక అసలు భయం దగ్గరకు వస్తాను. రెండో డాక్టరు, ఇంకో ప్రైవేటు ఆసుపత్రిలో, స్కాన్ చూసి గర్భసంచిలో చిన్న గడ్డ ఉందన్నది. "పిల్లలు అయిపోయారు కదా, తీయించేసుకోండి, గొడవ వదిలిపోతుంది" అన్నది. అప్పుడు నాకు 34. మా అమ్మకు 33 ఏళ్లకే తీశారు. మా వాడలో అమ్మ వయసు ఆడవాళ్లను వరుసగా కూర్చోబెట్టి అడిగితే సగం మంది చీర పక్కకు జరిపి కుట్లు చూపిస్తారు. ఐదో సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం దాకా ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8. దేశంలో ముందు వరసలో మనమే. 2019లో మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరుకు నరికే కూలి స్త్రీల సంగతి బయటపడ్డప్పుడు దేశమంతా నివ్వెరపోయింది. మన జిల్లాల్లో ఎవరూ నివ్వెరపోలేదు, అది మామూలు కదా. అనవసరంగా గర్భసంచులు తీయకుండా మార్గదర్శకాలు అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది.

నెలనెలా ఎక్కువ నెత్తురు పోవడమే చాలామంది ఆడవాళ్లలో ఇనుము లోపానికి అసలు కారణం. వారం దాటి కారితే, గంటకో రెండు గంటలకో గుడ్డ మార్చాల్సి వస్తే, గడ్డలు గడ్డలుగా పోతే అది ఆడతనం కాదు, వైద్యం కావాల్సిన విషయం. నెత్తురు పోవడం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు ఉన్నాయి, హార్మోన్ మాత్రలు ఉన్నాయి, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ ఉంది. ఇవన్నీ చూశాక కుదరకపోతే అప్పుడు ఆపరేషన్ మాట. నాకు ఈ మాటలు చెప్పింది ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో రిటైర్మెంట్‌కు దగ్గర పడిన డాక్టరమ్మ. ఆమె నన్ను అడిగిన మొదటి ప్రశ్న "నెలకు ఎన్ని ప్యాడ్లు పడతాయి?" అని. నాలుగేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. నా ఫెరిటిన్ 5, హిమోగ్లోబిన్ 9.8. మాత్రలు పడలేదని సెలైన్‌లో ఐరన్ ఎక్కించింది, నెలసరికి మందు ఇచ్చింది. మూడు నెలలకు 12.4. రెండో అంతస్తు ఆగకుండా ఎక్కుతున్నాను. గర్భసంచి నా దగ్గరే ఉంది.

సాహిత్యం చదివినదాన్ని కాబట్టి ఒక్క ముక్క. మన అలంకార శాస్త్రంలో ఎనిమిది సాత్త్విక భావాలు చెప్తారు, వాటిలో వైవర్ణ్యం ఒకటి. అంటే మొహం రంగు తప్పడం. నాయిక విరహంతో పాలిపోతే ప్రబంధ కవులు పద్యాల మీద పద్యాలు రాశారు, చెలికత్తెలు చందనం పూశారు. భారతంలో అంబాలిక తెల్లబోతే పుట్టిన బిడ్డకు పాండుడని పేరు పెట్టారు, అతను రాజు కూడా అయ్యాడు. మా వాడలో నెత్తురు లేని తల్లికి బరువు తక్కువ బిడ్డ పుడుతుంది. ఆమె మొహం పాలిపోతే సోమరిదన్నారు, పని దొంగ అన్నారు. నల్లటి ఒంటి మీద పాలిపోవడం కనబడదని డాక్టర్లు కూడా మరిచిపోతారు. కింది రెప్ప లాగి చూడాలి, నాలుక చూడాలి, అరచేయి చూడాలి. అరచేయి చూడాలంటే పట్టుకోవాలి. అంటుకోవాలి. అక్కడుంది కొందరికి అసలు ఇబ్బంది.

ఈ మధ్య లెక్క కూడా మాయం చేయబోయారు. ఆరో కుటుంబ ఆరోగ్య సర్వే నుంచి రక్తహీనత పరీక్షను తీసేస్తున్నారని 2023లో బయటికొచ్చింది. వేలి చివర రక్తం తీస్తే అంకె తప్పు వస్తుంది, వేరే సర్వేలో నరం నుంచి తీసి చూస్తాం అన్నారు. ఆ అభ్యంతరంలో శాస్త్రం కొంత ఉంది, నేను కాదనను. 2016-18 నాటి జాతీయ పోషకాహార సర్వే నరం నుంచే రక్తం తీసింది, అంకెలు తక్కువే వచ్చాయి. అలా తక్కువ వచ్చినప్పుడు కూడా 10 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 40 శాతం మందికి రక్తహీనత తేలింది. కొలిచే పద్ధతి మార్చుకోండి, కానీ ప్రతి సర్వేలో కొలవండి, కులం వారీగా బయటపెట్టండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చేయాల్సినవి ఉన్నాయి. నీరసంగా ఉంటే సెలైన్ దగ్గరకు పోకండి, సీబీసీ, ఫెరిటిన్ అడగండి. తెలంగాణలో ప్రభుత్వ డయాగ్నస్టిక్ హబ్‌లు ఉన్నాయి, మీ పీహెచ్‌సీ నుంచి అక్కడికి ఏ పరీక్షలు పంపుతారో జాబితా గోడ మీద పెట్టమనండి. పెట్టకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు వేయండి. మాత్ర మొదలుపెట్టిన నెలకు మళ్లీ పరీక్ష చేయించండి. కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే 'వేసుకోలేదు కదూ' అనే ప్రశ్నతో ఆగిపోనివ్వకండి, నెత్తురు ఎక్కడ పోతోందో వెతకమనండి. అంకె మామూలుకు వచ్చాక కూడా నిల్వ నిండడానికి ఇంకో మూడు నెలలు వాడాలి, అక్కడే చాలామంది ఆపేస్తారు. అన్నం తిన్నాక, నిమ్మకాయో జాంపండో తోడుగా వేసుకోండి. క్యాల్షియం మాత్రతో కలిపి వేసుకోకండి. అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్తే గర్భసంచి మాట రాగానే సంతకం పెట్టకుండా ఇంకో డాక్టరుకు చూపించండి. సంఘాల మీటింగుల్లో ఆడపిల్లలకు కూర వడ్డించేటప్పుడు అన్నలు కొంచెం వెనక నిలబడండి.

లైకు కొట్టిన ఆ నలభై రెండు మందికి ఒక పని ఇస్తున్నాను. మీ హాస్టల్ గోడ మీద ప్రభుత్వం అంటించిన మెనూ ఫోటో తీయండి. దాని పక్కన ఈ వారం ఏ రోజు నిజంగా ఏం పెట్టారో రాయండి. హాస్టల్లో మరుగుదొడ్లు ఎన్ని, అమ్మాయిలు ఎందరో కూడా రాయండి. మీ పేరు వద్దు, జిల్లా పేరు చాలు. శనివారం రాత్రి లోపు పంపితే ఏడో భాగం ఆ కాగితాల మీదే రాస్తాను.

జై భీమ్.